17 నోట్లు, 195 డాలర్లు: పాత అమెరికన్ నేషనల్ బ్యాంకు నోట్లకు వెల కట్టిన ప్రాజెక్టు డైరీ

నోట్లు నావి కావు. పిట్స్‌బర్గ్ శివార్లలో మా పక్కింట్లో ఉండే పెద్దావిడవి. వాళ్ల తాతగారి బీరువాలో ఒక కవరులో దొరికాయి. అమ్మాలా, మనవలకు పంచాలా అని తేల్చుకోవడానికి ఒక్కో నోటుకు వెల కావాలన్నారు. ఎస్టేట్ సేల్స్‌కు (పాత ఇళ్ల సామాను అమ్మకాలకు) వెళ్లే మన తెలుగు వాళ్ల చేతుల్లోకీ ఇలాంటి కవర్లు అప్పుడప్పుడు వస్తుంటాయి. అందుకే ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్నది దశలవారీగా రాసి పెడుతున్నాను. ఆవిడ కోరిక మీద ఒక చిన్న ఊరి పేరు, ఆ ఊరి బ్యాంకుల ఛార్టర్ నంబర్లు (బ్యాంకు నడపడానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రాల నంబర్లు) రాయడం లేదు. ఇక్కడ దాన్ని "మన ఊరు" అంటాను.

నేపథ్యం రెండు ముక్కల్లో. 1863 నుంచి 1935 దాకా అమెరికాలో జాతీయ ఛార్టర్ ఉన్న బ్యాంకులు తమ పేరుతో నోట్లు ఇచ్చేవి. బ్యాంకు ప్రభుత్వ బాండ్లు కొని వాషింగ్టన్‌లో ట్రెజరీ దగ్గర పెట్టేది. ఆ పూచీ మీద నోట్లు వచ్చేవి. మొదట్లో బాండ్ల విలువలో 90 శాతం వరకే ఇచ్చేవారు, 1900 చట్టంతో అది 100 శాతమైంది. అదే చట్టం 3,000 లోపు జనాభా ఉన్న ఊళ్లలో 25,000 డాలర్ల మూలధనంతోనే బ్యాంకు పెట్టుకోనిచ్చింది. దాంతో గనుల ఊళ్లు, రైల్వే జంక్షన్లు, అడ్డరోడ్డు ఊళ్ల పేర్లు కూడా నోట్ల మీదికి ఎక్కాయి. ఆ ఊరి పేరే ఇప్పుడు వెలను నిర్ణయించేది.

దశ 1: నేషనల్ ఏది, కానిది ఏది

పనిముట్లు: స్టీలు స్కేలు, 10 రెట్ల లెన్సు, టేబుల్ ల్యాంపు, శుభ్రమైన చేతులు. కాటన్ గ్లోవ్స్ తీసి పక్కన పెట్టాను. వాటితో నోటు అంచు పట్టు దొరకడం లేదు, చిరిగేలా ఉంది.

1. సైజు చూసి రెండు కుప్పలు చేయాలి. పెద్దవి సుమారు 189 × 79 మి.మీ., చిన్నవి 156 × 66 మి.మీ. చిన్న సైజు 1929లో మొదలైంది.
2. చిన్నవాటిలో గోధుమ రంగు సీలు ఉన్నవి విడిగా తీయాలి.
3. ఎడమ పక్కన నల్లటి అంకెల్లో ఛార్టర్ నంబరు ఉందా, లేక ఒక్క అక్షరమే ఉందా చూడాలి.

మూడో మెట్టు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. 1929 నాటి ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థ) బ్యాంక్ నోట్ల పైన కూడా "నేషనల్ కరెన్సీ" అనే ఉంటుంది, సీలూ గోధుమ రంగే. కాని ఛార్టర్ నంబరు ఉండాల్సిన చోట ఏ ఫెడరల్ రిజర్వ్ జిల్లాదో చెప్పే అక్షరం ఉంటుంది. మా కవరులో మూడింటి మీద "డి" ఉంది, అంటే క్లీవ్‌ల్యాండ్. ఇంకో గుర్తు ఏమిటంటే, పూచీ గురించిన వాక్యంలో బాండ్లతో పాటు "ఇతర సెక్యూరిటీలు" అన్న మాట అదనంగా ఉంటుంది. ఇవి నిజమైన నోట్లే, సేకరించేవాళ్లూ ఉన్నారు. కాకపోతే ఊరి బ్యాంకు నోటు వెల వీటికి రాదు.

పెద్దవాటిలో నీలం సీలున్న 5 డాలర్ల నోటు ఒకటి 1914 నాటి ఫెడరల్ రిజర్వ్ నోటుగా తేలింది. అదీ పక్కకు.

లెక్క: మొత్తం 17, ముఖ విలువ 195 డాలర్లు. నేషనల్ నోట్లు 13 (చిన్నవి 9, పెద్దవి 4), ముఖ విలువ 155. కానివి 4, ముఖ విలువ 40.

ముఖ విలువ ఎందుకంటే, ఇవి ఇప్పటికీ చెల్లుతాయి. బ్యాంకుకు తీసుకెళ్తే 5కు 5 ఇస్తారు. పొరపాటున కూడా తీసుకెళ్లకండి.

దశ 2: స్కానింగ్, కొలతలు

ఫోను ఫోటోలతో మొదలుపెడితే ల్యాంపు వెలుతురు వల్ల ఒక మూల తెల్లగా, ఇంకో మూల పసుపుగా వచ్చింది. పోల్చి చూడటానికి అవి పనికిరాలేదు. ఫ్లాట్‌బెడ్ స్కానరుకు మారాక 600 డీపీఐ సరిపోయింది. 1200 పెడితే ఫైలు బరువెక్కిందే తప్ప కొత్తగా కనిపించిందేమీ లేదు.

నోట్లు ఉన్న పాత ప్లాస్టిక్ కవర్లు మెత్తగా, జిగటగా, ఒక రకమైన వాసనతో ఉన్నాయి. పీవీసీ. అది కాలక్రమేణా కాగితాన్ని పాడు చేస్తుంది. అన్నీ తీసేసి మైలార్ కవర్లలోకి మార్చాను. స్కాన్ మాత్రం కవరు లేకుండానే చేశాను.

ఒక చిన్న మార్పు బాగా పనిచేసింది. నోటు వెనక తెల్ల కాగితం బదులు నల్ల అట్ట పెట్టాను. పిన్ను రంధ్రాలు, అంచు చిరుగులు నల్ల చుక్కలుగా, గీతలుగా తేలాయి. తెల్ల నేపథ్యంలో శుభ్రంగా కనిపించిన 20 డాలర్ల నోటు మీద నల్ల అట్టతో ఎడమ మూలన నాలుగు రంధ్రాలు కనిపించాయి.

కొలతల విషయంలో పెట్టుకున్న ఒక నియమం వదిలేయాల్సి వచ్చింది. పెద్ద నోటు ఎత్తు 77 మి.మీ. కంటే తక్కువుంటే ఎవరో తర్వాత అంచు కత్తిరించారని గుర్తు పెట్టాలనుకున్నాను. నాలుగిట్లో మూడు ఈ గుర్తు కిందికి వచ్చాయి. విషయం ఏమిటంటే, ఈ నోట్లు బ్యాంకుకు షీట్లుగానే వెళ్లేవి. అధికారులు సంతకాలు పెట్టాక బ్యాంకు వాళ్లే కత్తిరించుకునేవారు. గుమాస్తా చెయ్యి ఎటు వంకరపోతే అంచు అటు పోయేది. కాబట్టి పెద్ద నోటుకు వంకర అంచు సహజం. అనుమానించాల్సింది నలిగిన నోటుకు అంచు మాత్రం కొత్తగా, పదునుగా, మూలలు గుండ్రపడకుండా ఉన్నప్పుడే. అలా చూస్తే మా నాలుగూ పాసయ్యాయి.

అల్ట్రావయొలెట్ టార్చి కూడా కొన్నాను. దొంగ నోటును పట్టుకోవడానికి ఈ కాలపు నోట్ల మీద అది పెద్దగా చెప్పేదేమీ లేదు. వీటిలో సెక్యూరిటీ దారం ఉండదు, అది 1990 సిరీస్‌తో వచ్చింది. టార్చి ఒక్క పనికే ఉపయోగపడింది. ఒక నోటు మూలకు తర్వాత అతికించిన కాగితం తెల్లగా మెరిసింది. అసలు కాగితమా కాదా అన్నదానికి లెన్సే నయం. ఎర్ర, నీలి పోగులు కాగితంలో కలిసిపోయి ఉండాలి, పైన అచ్చు వేసినట్టు కాదు.

దశ 3: రకం, ఛార్టర్ నంబరు

1929 నోట్లలో రెండు రకాలు.

1. టైప్ 1: 1929 నుంచి 1933 మే వరకు. ఛార్టర్ నంబరు నలుపులో రెండు సార్లు. ఒకే షీటులోని ఆరు నోట్లకు ఒకే సీరియల్ అంకె, ముందు అక్షరం మాత్రం ఎ నుంచి ఎఫ్ వరకు మారుతుంది, చివర "ఎ" ఉంటుంది.
2. టైప్ 2: 1933 మే నుంచి 1935 దాకా. నలుపు నంబర్లకు తోడు, సీరియల్ నంబర్ల పక్కన గోధుమ రంగులో ఇంకో రెండు. సీరియల్‌లో వరస అంకెలు, చివర అక్షరం ఉండదు.

మన ఊరి 10 డాలర్ల నోట్లు మూడు ఉన్నాయి. వాటిలో రెండింటికీ ఒకే సీరియల్ అంకె, ఒకదానికి ముందు సి, ఇంకోదానికి డి. అంటే ఒకే షీటులో పక్కపక్కన ఉన్నవి. వీటిని జంటగానే ఉంచాలని ఆవిడకు చెప్పాను.

మూడోది టైప్ 2. ఊరు అదే, పేరూ దాదాపు అదే. స్ప్రెడ్‌షీట్‌లో బ్యాంకు పేరుకు, ఛార్టర్‌కు వేర్వేరు గడులు పెట్టడం ఇక్కడ పనికొచ్చింది. మొదటి రెండింటి ఛార్టర్ నాలుగంకెలది, మూడోదానిది 13 వేలు దాటినది. లెన్సు పెట్టి చూస్తే పాతది "ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఆఫ్" మన ఊరు, కొత్తది "ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఇన్" మన ఊరు. 1933 మార్చి బ్యాంకు సెలవు (సంక్షోభంలో ప్రభుత్వం బ్యాంకులన్నింటినీ కొన్నాళ్లు మూయించడం) తర్వాత మూతపడినవాటి స్థానంలో కొత్త బ్యాంకులు ఇలాగే పుట్టేవి. కట్టడం పాతదే, జనం పాతవాళ్లే, కాగితాల మీద మాత్రం వేరే సంస్థ. "ఇన్" లేదా "ఎట్" అని మార్చుకుని కొత్త ఛార్టర్ తెచ్చుకునేవారు. ఆ తర్వాత నోట్లు ఇవ్వడానికి వాటికి దొరికిన కాలం చాలా తక్కువ. 1935లో ఈ నోట్లకు పూచీగా ఉన్న 2 శాతం బాండ్లను ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. దాంతో జాతీయ బ్యాంకు నోట్లకే తెరపడింది. అందుకే ఈ మూడో నోటుకు వేరే వరస, వేరే వెల.

పెద్ద నోట్లు నాలుగు: 1902 సిరీస్ ప్లెయిన్ బ్యాక్ (వెనక వైపు తేదీలు లేనివి) 10 డాలర్లవి రెండు, 20 డాలర్లది ఒకటి, 1882 సిరీస్ బ్రౌన్ బ్యాక్ (వెనక వైపు గోధుమ రంగుది) 5 డాలర్లది ఒకటి. 10 మీద అధ్యక్షుడు మెకిన్లీ, 20 మీద ట్రెజరీ కార్యదర్శిగా చేసిన హ్యూ మెక్‌కలక్, 5 మీద అధ్యక్షుడు గార్ఫీల్డ్ బొమ్మ.

బ్రౌన్ బ్యాక్ ముందు వైపు ఊరి పేరు మీదుగా పాత టేపు ఎర్రబడి అడ్డుపడింది. వెనక్కి తిప్పితే సమస్యే లేదు. ఆ రకంలో వెనక మధ్యన ఛార్టర్ నంబరు పెద్ద పెద్ద నీలాకుపచ్చ అంకెల్లో ఉంటుంది. ఒహాయో బ్యాంకు అని తేలింది. టేపు తీయలేదు, తీయకూడదు. జిగురుతో పాటు సిరా కూడా వచ్చేస్తుంది.

తేదీల దగ్గర జాగ్రత్త. పెద్ద నోటు మీద చేతిరాత తరహా అక్షరాల్లో ఉన్న తేదీ అచ్చు వేసిన తేదీ కాదు. అది బ్యాంకు ఛార్టర్‌కు లేదా దాని పొడిగింపుకు చెందిన తేదీ. ట్రెజరీ సంతకాలు కూడా ఆ నాటివే. మా బ్రౌన్ బ్యాక్ మీద ట్రెజరీ అధికారులు రోజ్‌క్రాన్స్, హస్టన్ సంతకాలున్నాయి. వాళ్లిద్దరూ కలిసి పదవుల్లో ఉన్నది 1889–1891 మధ్య. నోటు అచ్చయింది ఆ తర్వాత ఎప్పుడైనా కావచ్చు. (ఆ రోజ్‌క్రాన్స్ అంతర్యుద్ధంలో జనరల్. యుద్ధం చేసిన చేతి సంతకం 5 డాలర్ల నోటు మీద ఉండటం నాకైతే తమాషాగా అనిపించింది.)

అచ్చు కాలాన్ని పట్టించేది సీరియల్ నంబరు. 1925 దాకా ఒక మూల ట్రెజరీ నంబరు, ఇంకో మూల బ్యాంకు నంబరు ఉండేవి. ఆ తర్వాత బ్యాంకు నంబరునే రెండు చోట్లా వేశారు. మన ఊరి 1902 నోటు మీద రెండు నంబర్లూ ఒకటే. నోటు మీది తేదీ 1900ల మొదట్లోది, అచ్చయింది మాత్రం 1925–1929 మధ్య. ఛార్టర్ పక్కన "ఇ", "ఎం" లాంటి ప్రాంతపు అక్షరం కూడా లేదు. అవి 1902 నుంచి 1924 వరకే వేశారు. రెండు ఆధారాలూ ఒకే మాట చెప్పాయి.

లెక్క: 13 నోట్లకూ ఛార్టర్ నంబర్లు పట్టుబడ్డాయి. వేర్వేరు బ్యాంకులు 9.

దశ 4: మాయమైన సంతకాలు

1929 నోట్ల మీద క్యాషియర్, ప్రెసిడెంట్ సంతకాలు అచ్చులోనే వస్తాయి, గొడవ లేదు. పెద్దవాటి మీద పెన్నుతో పెట్టేవారు, లేదా రబ్బరు స్టాంపు వేసేవారు. మా మూడు 1902 నోట్లలో రెండింటి మీద సంతకాల చోటు ఖాళీగా కనిపించింది. సంతకం పూర్తిగా పోయిన నోటు ధర తగ్గుతుంది, కాబట్టి నిజంగా పోయిందో లేదో తేలాలి.

కాంట్రాస్టు పెంచితే మురికి పెరిగింది, సంతకం రాలేదు. నలుపు–తెలుపు చేస్తే ఇంకా అన్యాయం. చివరికి పనిచేసిన పద్ధతి:

1. స్కాన్‌ను జింప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లుగా విడగొట్టాలి.
2. వెలిసి గోధుమ రంగుకు తిరిగిన పెన్ను సిరాకు నీలం చానల్ చూడాలి.
3. ఊదా రంగు రబ్బరు స్టాంపుకు ఆకుపచ్చ చానల్.
4. ఆ ఒక్క చానల్‌లోనే లెవెల్స్ సర్దాలి.

మన ఊరి నోటు మీద నీలం చానల్‌లో క్యాషియర్ సంతకం మొదటి అక్షరం, చివరి తోక తేలాయి. ప్రెసిడెంట్‌ది పూర్తిగా చదవొచ్చు. ఇంకో నోటు మీద స్టాంపు ఆనవాలు కూడా లేదు. ఊదా స్టాంపు సిరా నీళ్లు తగిలితే పోతుంది, అంటే ఆ నోటు ఎప్పుడో తడిసింది లేదా ఎవరో కడిగారు. వెలిసిన సంతకం మీద మళ్లీ పెన్నుతో దిద్దిన నోట్లు కూడా బజారులో ఉంటాయి. లెన్సు కింద కొత్త సిరా మడత గీతల్లోకి దిగి ఉంటే దిద్దినట్టే. అసలు సంతకమైతే మడత దగ్గర తెగి ఉంటుంది.

దశ 5: ఇంకా ఎన్ని మిగిలాయి

12 వేలకు పైగా బ్యాంకులు ఈ నోట్లు ఇచ్చాయి. ఏ బ్యాంకువి ఎన్ని బయటపడ్డాయో సీరియల్ నంబర్లతో సహా నేషనల్ కరెన్సీ ఫౌండేషన్ నిర్వహించే సెన్సస్‌లో ఉంటుంది. ప్రతి ఛార్టర్‌కూ రెండు అంకెలు రాసుకున్నాను: పెద్దవి ఎన్ని, చిన్నవి ఎన్ని.

పిట్స్‌బర్గ్ మెలన్ నేషనల్ బ్యాంక్ (6301), న్యూయార్క్ నేషనల్ సిటీ బ్యాంక్ (1461), శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాంక్ ఆఫ్ అమెరికా (13044): మా చిన్న నోట్లలో ఐదు వీటివే. వీటికి కొదవే లేదు. మన ఊరి పాత బ్యాంకు పెద్ద నోట్లు నమోదైనవి 3. కొత్త బ్యాంకువి అన్నీ కలిపి 5.

సెన్సస్ అంటే నమోదైనవే, ఉన్నవన్నీ కాదు. మా కవరు లాంటి కవర్లు ఇంకెన్ని బీరువాల్లో ఉన్నాయో ఎవరికీ తెలీదు. రేపు ఎవరింట్లోనో కట్ట బయటపడితే 3 కాస్తా 30 అవుతుంది.

ఛార్టర్ అంకె చిన్నదైతే ధర ఎక్కువన్న నమ్మకం కూడా చాలామందిలో ఉంది. ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఆఫ్ షికాగో ఛార్టర్ నంబరు 8. దాని నోట్లు కావలసినన్ని దొరుకుతాయి. ఇంకో వైపు హొనొలులు బిషప్ ఫస్ట్ నేషనల్ బ్యాంక్ (5550) 1929 నోట్లు అంత అరుదేమీ కాదు, అయినా హవాయి అన్న పేరుకే గిరాకీ. అందుకే మిగిలిన సంఖ్య పక్కన రాష్ట్రానికి కూడా ఒక గడి పెట్టాను. పెన్సిల్వేనియాలో బ్యాంకులు విపరీతం, సేకరించేవాళ్లూ ఎక్కువే. నెవాడా, అరిజోనా, అలాస్కా పేరుంటే కథే వేరు.

దశ 6: కండిషన్

ల్యాంపును టేబుల్ ఎత్తుకు దించి, వెలుతురు నోటు మీద ఏటవాలుగా పడేలా పెట్టి మడతలు లెక్కపెట్టాను. గ్రేడింగ్ స్కేలు 70 పాయింట్లది. 8–10 వెరీ గుడ్, 12–15 ఫైన్, 20–35 వెరీ ఫైన్. పేరు చూసి మోసపోకండి, "వెరీ గుడ్" అంటే బాగా నలిగిందని.

వెస్ట్ వర్జీనియా 20 డాలర్ల నోటు (నాలుగు రంధ్రాలది) అన్నింటికంటే తెల్లగా, చదునుగా ఉంది. అదే అనుమానం. 1929 నోటు మీద బ్యాంకు పేరు, ఛార్టర్, సీరియల్ తర్వాత విడిగా అచ్చు వేసినవి. కడగని నోటు వెనక ఏటవాలు వెలుతురులో ఆ అచ్చు నొక్కుళ్లు కనిపిస్తాయి. మన ఊరి నోట్ల వెనక కనిపించాయి. దీని వెనక ఏమీ లేవు, కాగితం ఇస్త్రీ చేసినట్టు ఉంది. కడిగి, నొక్కారు. 180 అనుకున్న వెలను 120కి దించాను.

దశ 7: వెల

మొదట ఆన్‌లైన్ అమ్మకాల్లో అడుగుతున్న ధరలు చూశాను. 75 డాలర్లకు దొరికే మెలన్ నోటుకు 400 అడిగేవాళ్లు ఉన్నారు. ఆ గడి మొత్తం తీసేశాను. అమ్ముడైన ధరలే లెక్క. పెద్ద వేలం సంస్థల పాత రికార్డులు వెతికితే దొరుకుతాయి. అందులో కొనేవాడు వేలం సంస్థకు అదనంగా కట్టే ప్రీమియం కలిసి ఉందో లేదో చూడాలి, అమ్మేవాడి చేతికి అది రాదు.

1. ముందు అదే ఛార్టర్, అదే సైజు అమ్మకాలు.
2. లేకపోతే అదే రాష్ట్రం, అదే రకం, సెన్సస్ సంఖ్య దగ్గరగా ఉన్న బ్యాంకు.
3. పదేళ్ల కంటే పాత ధరకు పక్కన గుర్తు పెట్టాలి. నాకు కనిపించిన 2005–2007 నాటి ధరల్లో చాలావాటిని ఇప్పటి అమ్మకాలు అందుకోలేదు.

వచ్చిన అంకెలు (డాలర్లలో):

మెలన్ 20 × 2: 150
నేషనల్ సిటీ 5 × 2: 130
బ్యాంక్ ఆఫ్ అమెరికా 10: 70
మన ఊరి పాత బ్యాంకు 10, జంట: 450
మన ఊరి కొత్త బ్యాంకు 10: 350
వెస్ట్ వర్జీనియా 20: 120
మన ఊరి పెద్ద 10: 800
నగరాల పెద్ద 10, పెద్ద 20: 120, 140
బ్రౌన్ బ్యాక్ 5, టేపుతో: 250
నేషనల్ కానివి 4: 135

లెక్క: 2,715. ఇందులో మన ఊరి నాలుగు నోట్లవే 1,600. వాటి ముఖ విలువ 40.

ఇదే కవరుకు ఒక కాయిన్ షాపులో 700 ఇస్తామన్నారు. 1929 నోట్లన్నీ ఒకటే రేటు అట, ఛార్టర్ వైపు చూడనే లేదు. కాయిన్ షోలో ఒక డీలరు లెన్సు తీసి "ఇన్" దగ్గర ఆగి, మళ్లీ చూసి 1,500 అన్నాడు. అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మధ్య అంత తేడా ఉండటం మామూలే, అతనూ బతకాలి కదా.

దశ 8: గ్రేడింగ్

నోటు కండిషన్‌కు పాయింట్లు వేసి ఇచ్చే గ్రేడింగ్ సంస్థకు అన్నీ పంపితే ఖర్చు దండగ. 65 డాలర్ల నోటుకు 50కి పైగా ఖర్చు పెట్టడంలో అర్థం లేదు. మన ఊరి పెద్ద 10, కొత్త బ్యాంకు 10 మాత్రమే పంపాం. రిజిస్టర్డ్ పోస్టుతో కలిపి 130 డాలర్లు అయింది. అవి తిరిగొచ్చేదాకా టెన్షన్ నాకే ఎక్కువ, ఆవిడ హాయిగా టమాటా మొక్కలు నాటుకున్నారు.

పెద్దది ఫైన్ 12 అనుకుంటే వెరీ గుడ్ 10 వచ్చింది. పేపర్ క్లిప్పు తుప్పు మరక అని రాశారు. స్కాన్‌లో ఆ మరక ఉంది, సీలు అంచు నీడలో కలిసిపోయింది. వెల 800 నుంచి 650కి. కొత్త బ్యాంకుది వెరీ ఫైన్ 25, అనుకున్నదే. దానికి సరిపోలే కొత్త అమ్మకం ఒకటి ఈలోపు దొరకడంతో 350ని 425 చేశాను.

లెక్క: 2,715 − 150 + 75 = 2,640. గ్రేడింగ్ ఖర్చు పోగా 2,510.

మిగిలిన పనులు: రెండు నోట్ల సీరియల్ నంబర్లూ సెన్సస్‌కు పంపాలి, ఫోటోలు సిద్ధంగా ఉన్నాయి. మన ఊరి జంటను విడదీయకుండా ఒకే లాటుగా వేలానికి పెట్టడానికి కమిషన్ ఎంతో అడగాలి. మెలన్ నోట్లు రెండూ అమ్మరట, మనవలిద్దరికీ చెరొకటి. అమ్మేవాటి పన్ను విషయం ఆవిడ అకౌంటెంటుతో మాట్లాడుకుంటారు. సేకరణ వస్తువుల లాభం మీద ఫెడరల్ పన్ను రేటు 28 శాతం దాకా ఉండొచ్చు, వారసత్వంగా వచ్చినవాటికి కొనుగోలు ధర లెక్కగట్టే పద్ధతి కూడా వేరు. బ్రౌన్ బ్యాక్ టేపును కాగితం సంరక్షణ తెలిసినవాళ్లకు చూపించి, వాళ్లు చెప్పే ఖర్చు 250లో ఎంత తింటుందో చూశాక ఆ గడి నింపుతాను.